ఆదిమ వేటగాళ్లు అడవిని కాపాడారా, ఖాళీ చేశారా?

పాతరాయి: వేటాడి, ఏరుకుని బతికిన ఆదిమానవులు ప్రకృతికి కీడు చేయలేదని ఈ చర్చా వేదికలో కొందరు పదే పదే రాస్తున్నారు. మనిషి అడుగుపెట్టిన తరువాత ఆస్ట్రేలియాలోను, అమెరికా ఖండాలలోను భారీ జంతువులు చాలావరకు అంతరించాయి. మన దేశంలో ఒకప్పుడు నిప్పుకోడి ఉండేది. మహారాష్ట్రలోని పట్నెలో దాని గుడ్డు పెంకుతో చేసిన పూసలు దొరికాయి. గుడ్లనే వదలనివారు పక్షిని వదిలారా?

ఎర్రమల: ఆ ఖండాల సంగతి ఇక్కడికి అతకదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో 1880ల నాడే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపారు. ఆ గుహల ఎముకలపై 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, గుర్తించిన 21 రకాల క్షీరదాలలో గెలాడా జాతి కోతి తప్ప మిగిలినవన్నీ రెండు లక్షల సంవత్సరాలుగా ఈ ఉపఖండంలో కొనసాగాయి. వేట సాగుతుండగానే అవి మిగిలాయి కదా!

పాతరాయి: నేను పక్షి గురించి అడిగితే మీరు క్షీరదాల లెక్క చెప్పారు.

ఎర్రమల: పిల్ల బయటికి వచ్చాక గూట్లో మిగిలిన పెంకు ముక్కకు కూడా బెజ్జం వేసి పూస చేయవచ్చు. పూస దొరికినంత మాత్రాన గూడు దోచినట్టు కాదు.

గోదారిగట్టు: వర్షాలు, గడ్డిభూములు మారడం వల్ల ఆ పక్షి పోయి ఉండవచ్చు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేమి?

కొండగాలి: మేము నల్లమల చెంచులము. మా తాత నార తాడు పట్టుకుని కొండచరియ మీద నుంచి దిగి తేనెపట్టు కోసేవాడు. పైన ఆ తాడు పట్టుకునేది ఆయన బావమరిదే. తేనె ఉన్న భాగం కోసుకుని, పిల్ల పురుగులున్న భాగం తేనెటీగలకు వదిలేవాడు. గడ్డలు తవ్వినా తీగ మొదలును మళ్లీ మట్టితో కప్పేవాడు.

పాతరాయి: మీ తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇనుప గొడ్డలి పట్టి, సంతలో తేనె అమ్మినవారిని రాతియుగానికి సాక్ష్యంగా చూపడం శాస్త్రం కాదు.

కొండగాలి: శాస్త్రం మీకు, ఇల్లు మాకు! మనుషులుంటే జంతువులు మిగలవు, కాబట్టి అడవి దిగి రండి అని మా పెంటకు, అంటే మా గూడేనికి, వచ్చిన ఒక అధికారి చెప్పినప్పుడు మా అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. మీరు ఇక్కడ రాస్తున్నదీ ఆ మాటే.

పాతరాయి: నేను ఆ మాట అనలేదు, అనను. నా భయం వేరు. పూర్వికులు అడవిని కాపాడారు కాబట్టి మేము ఉండాలి అని మీరు వాదిస్తే, రేపు ఏదో గుహలో వేరే ఎముకలు బయటపడినప్పుడు మీ హక్కు కూడా ప్రశ్నలో పడుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం పులుల అభయారణ్యంలోనూ వర్తిస్తుంది, దాన్ని పట్టుకోండి.

కొండగాలి: పట్టుకున్నాము. మా నాన్న 2009లో పెట్టిన దరఖాస్తుకు ఇంతవరకు పట్టా రాలేదు. ప్రభుత్వ కచేరీలో ఆయనను ఎవరూ చట్టం గురించి అడగలేదు. అడవిని పాడు చేయరని నమ్మకమేమిటని అడిగారు. అప్పుడు ఆయన చెప్పింది ఆ తేనెపట్టు గురించే.