మేలో టోక్యో సంజా మత్సురి: పెద్దవాళ్లతో ఏ రోజు వెళ్లడం మంచిది?

అందరికీ నమస్కారం. మే మూడో వారాంతంలో అమ్మానాన్నలతో టోక్యోలో ఉంటాం. అక్కడి ఆసకుసా పేటలో జరిగే సంజా మత్సురి అనే గుడి పండుగ వాళ్లకు చూపించాలని నా కోరిక. క్రీ.శ. 628లో సుమిదా నదిలో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలలో కన్నోన్ అనే బౌద్ధ కరుణాదేవత విగ్రహం పడిందనీ, వాళ్లనూ, ఆ విగ్రహం కోసం తన ఇంటినే గుడి చేసిన ఊరిపెద్దనూ అక్కడ దేవుళ్లుగా కొలుస్తారనీ చెప్పాను. అప్పటి నుంచి నాన్న రోజూ దాని గురించే అడుగుతున్నారు.

శుక్రవారం ఊరేగింపు, బింజసారా (చెక్క పలకల వాయిద్యం) మోగిస్తూ చేసే నాట్యం ఉంటాయి. శనివారం పేటల వాళ్ల మికోషీలు, అంటే దేవుడి పల్లకీలు, వంద దాకా వస్తాయి. ఆదివారం గుడికి చెందిన మూడు పెద్ద మికోషీలు పొద్దున్నే బయల్దేరి పేటపేటా తిరుగుతాయి. నాన్నకు ఆ మూడే చూడాలని ఉంది. కానీ ఆయనకు మోకాళ్ల నొప్పులు, అమ్మకేమో జనం తోసుకుంటే టెన్షన్.

ఆదివారం గుడి దగ్గర కాకుండా, ఏ వీధిలో నిలబడితే మికోషీ దగ్గరగా కనిపిస్తుంది? కాసేపు కూర్చునే చోటు, టాయిలెట్ దగ్గర్లో ఉంటాయా? లేక శుక్రవారమే నయమా? మేలోనే టోక్యోలో జరిగే ఇంకో పండుగ కాందా మత్సురి పెద్ద ఎత్తున జరిగేది బేసి సంవత్సరాల్లోనే కాబట్టి ఈసారి మాకు అది కుదరదు. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.