మూఢంలో రోడ్డున పడ్డ గుర్రాన్ని ఎవరైనా ఎత్తుకుపోవచ్చా?

రైతుబిడ్డ
మా బైపాస్ దగ్గర ఓ తెల్ల గుర్రం తిరుగుతుండేది. పెళ్ళి బరాత్‌లకు అద్దెకిచ్చే గుర్రం. మూఢం మొదలయ్యాక బేరాల్లేక మేపుకు వదిలారు. ముందరి కాళ్ళు రెండూ కలిపి తాడుతో బంధం వేశారు. మొన్న పట్నం నుంచి జంతుసంరక్షణ వాళ్ళు డీసీఎం వ్యాను తెచ్చి ఎక్కించుకుపోయారు. ఓనరు వచ్చేసరికి అక్కడ లద్దెలు తప్ప ఏమీ లేవు. ఊళ్ళో సగం మంది మంచి పని అంటున్నారు, సగం మంది దొంగతనం అంటున్నారు. నా మటుకు నాకు కాళ్ళకు బంధం వేయడం హింస కాదు. మా నాన్న ఎద్దులకూ వేసేవాడు. మీరేమంటారు?

ఉలవచారు
గుర్రం ఉలవలు తింటే బలం, మనం తింటే చారు. ఇక కానివ్వండి.

అశ్వమిత్ర
ఆ డీసీఎంలో వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి చూసిందే చెబుతాను. అది నైలాన్ తాడు. గిట్ట పైన చర్మం తెగి తాడు కండలోకి దిగింది. కత్తెరతో కోసి తీస్తే లోపల పురుగులు. వీపు మీద జీను ఒరుసుకున్న చోట అరచేయంత పుండు. దాని మీద పసుపు అద్ది, పైన జరీ గుడ్డ కప్పి పెళ్ళికొడుకులను ఎక్కించారు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. డెక్కలు ఎన్నాళ్ళుగా చెక్కలేదో, ముందుకు చెప్పుల్లా సాగి ఉన్నాయి. పుండుతో ఉన్న జంతువుతో పని చేయించడం, తిండి పెట్టకపోవడం, వదిలేయడం, ఈ మూడూ 1960 జంతుహింస నివారణ చట్టంలో సెక్షన్ 11 కింద నేరాలే. "మా నాన్న ఎద్దులకు వేసేవాడు" అనేది వాదన కాదండీ.

రైతుబిడ్డ
నైలాన్ తాడు తప్పంటే ఒప్పుకుంటా. బంధమే తప్పంటే ఒప్పుకోను. బంధం లేకపోతే అది హైవే ఎక్కేది. లారీ గుద్దితే అప్పుడు మీరేం మాట్లాడతారు?

లా పాయింట్
సెక్షన్ 11 సరే. అందులో మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు, దశాబ్దాల నాటి మొత్తమే. కానీ మేడమ్, పట్టుకునే అధికారం మీకెక్కడిది? సెక్షన్ 34 ప్రకారం పోలీసు గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన మనిషి గానీ స్వాధీనం చేసుకోవాలి. ఆ తర్వాత మేజిస్ట్రేట్. 2017లో కేసుల్లో స్వాధీనం చేసుకున్న జంతువుల పోషణ నిబంధనలు వచ్చాయి, వాటి ప్రకారం ఆశ్రయంలో మేపిన ఖర్చు ఓనరు మీద పడుతుంది, కానీ కేసు నడిస్తేనే. ఎఫ్ఐఆర్ నంబరు ఉందా?

అశ్వమిత్ర
స్టేషన్‌కు వెళ్ళాం. "గుర్రమా?" అని నవ్వారు. రాసివ్వండి చూద్దాం అన్నారు. ఆ చూడడం ఎప్పటికో తెలియదు, పురుగులు మాత్రం ఆగవు.

బరాత్ యాదగిరి
ఆ గుర్రం నాది. మా తమ్ముని కొడుకు ఈ లింకు పంపితే చదివిన.

మేడమ్, పుండు అన్నవ్. ఉన్నది నిజమే. పసుపు ఎందుకు రాసిన? మందు లేక. మా మండలం దవాఖానల ఆవులకు, బర్లకు, గొర్లకు మందులున్నయ్. గుర్రం తోలుకపోతే కాంపౌండర్ దూరం జరిగి "తన్నుతదా" అని అడిగిండు. పోయిన సాలు నా ఇంకో గుర్రం రాత్రి కడుపునొప్పితోని పొర్లింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, నేను చదువుకునేటప్పుడు తప్ప గుర్రాన్ని ముట్టలేదు, పొద్దున చూద్దాం అన్నడు. తెల్లారేసరికి సచ్చింది. అప్పుడు నువ్వు ఏడున్నవ్ మేడమ్? నీ డీసీఎం ఏడున్నది?

ముహూర్తాలు ఉన్నప్పుడు దానికి ఉలవలు, శనగపొట్టు, బెల్లం నేనే నా చేత్తోని పెడ్త. ఆషాఢం, మూఢం వస్తే రోజుకు మూడు వందలు ఎక్కడికెళ్ళి తేవాలె? మా తాత స్టేషన్ కాడ టాంగా నడిపిండు. గుర్రం మాకు ఫ్యాషన్ కాదు. నా గుర్రం ఎట్లున్నది? ఒక్క ఫోటో పెట్టు.

ఉలవచారు
యాదగిరన్నా, మా పెళ్ళికి ఇచ్చిన గుర్రం నీదేనా? బ్యాండ్ మొదలవగానే వెనక్కి నడిచింది.

మండల డాక్టర్
నేను పశువైద్యుణ్ణి, ఏ మండలమో అడక్కండి. యాదగిరి గారు చెప్పిన డాక్టరు నేను కాదు గానీ, నేనైనా అదే చెప్పేవాణ్ణేమో. 2019 పశుగణనలో దేశం మొత్తం గుర్రాలూ పొట్టి గుర్రాలూ కలిపి 3.4 లక్షలు. 2012 నాటికంటే 45 శాతం పైగా తగ్గాయి. మా చేతి మీదుగా పోయేవి బర్రెలు, గొర్రెలు. పందెపు గుర్రాలకు మలక్‌పేటలో వాళ్ళ డాక్టర్లు వాళ్ళకుంటారు. పోలీసు గుర్రాలకూ ఉంటారు. మధ్యలో ఉన్న బరాత్ గుర్రానికే ఎవరూ ఉండరు.

1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండ్లు తెలంగాణలో 2017 నుంచి ఉన్నాయి, మొదట వంద. కేంద్రం లెక్క ప్రకారం లక్ష పశువులకు ఒక బండి, అందులో డాక్టరు, సహాయకుడు, డ్రైవరు. గుర్రం కడుపునొప్పికి ఆ లెక్క సరిపోదు. గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్ట ఉబ్బిందంటే ముక్కులోంచి గొట్టం దించి గ్యాసూ ద్రవమూ బయటికి తీయాలి, లేకపోతే పొట్ట పగులుతుంది. అది గంటల వ్యవహారం. డొక్కల వైపు తిరిగి చూసుకోవడం, నేల గీకడం, లద్దె ఆగిపోవడం కనిపిస్తే వెంటనే మేత తీసేయండి. ఇంకో మాట. వెదురు గొట్టంతో నోట్లో నూనె పోస్తారే, గుర్రానికి ఆ పని చేయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రైతుబిడ్డ
డాక్టరు గారూ, బంధం సంగతి చెప్పండి. నూలు తాడైతే, చుట్టూ గుడ్డ చుడితే?

మండల డాక్టర్
గుడ్డ చుట్టి, రోజూ విప్పి చూస్తే కొన్ని గంటలకు ఫర్వాలేదు. వారాల తరబడి వదలకూడదు.

రైతుబిడ్డ
చూశారా, బంధం తప్పు కాదన్నారు.

అశ్వమిత్ర
ఆయన "రోజూ విప్పి చూస్తే" అన్నారు. మీకు కావలసిన ముక్క ఏరుకుంటున్నారు.

పాతకాగితం
ఒక పాత సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ సైన్యం గుర్రాలను కైరోలో అమ్మేసి పోయింది. 1930లో అక్కడికి వెళ్ళిన డొరొతీ బ్రూక్ అనే ఆవిడ, అవి బండ్లు లాగుతూ బొమికలై ఉండటం చూసి, పత్రికకు ఉత్తరం రాసి, చందాలు పోగు చేసి, దాదాపు 5,000 గుర్రాలను డబ్బిచ్చి కొన్నది. చాలా వాటిని నొప్పి లేకుండా చంపించాల్సి వచ్చింది, అంతగా పాడైపోయాయి. ఆ తర్వాత 1934లో పేద బండివాళ్ళ గుర్రాలకు ఉచిత ఆసుపత్రి పెట్టింది. అశ్వమిత్ర గారు గమనించాల్సింది, ఆవిడ కొన్నది. ఎత్తుకుపోలేదు.

అశ్వమిత్ర
మాకు అలా చందాలిచ్చేవాళ్ళు లేరు సార్. కొంటే రేపు పది మంది పుండ్లు చేసి మరీ అమ్ముకుంటారు. ఒకసారి కొన్నాం, అదే మనిషి ఆ డబ్బుతో ఇంకో పిల్ల గుర్రాన్ని తెచ్చాడు.

మన్యం కాఫీ
పాడేరు వైపు నుంచి రాస్తున్నాను. మా కొండల్లో గుర్రం లేకపోతే సంత లేదు. మిరియాలు, పిప్పళ్ళు, పసుపు, అడ్డాకులు దిగేది దాని వీపు మీదే, బియ్యం, ఉప్పు ఎక్కేదీ దాని మీదే. మనుషులనే డోలీ కట్టి మోసుకొస్తున్నాం, గుర్రానికి ఎవడు వస్తాడు? ఆంధ్రలో 2022 మేలో 175 పశువుల అంబులెన్సులు వదిలారు, మరుసటి ఏడాదికి 340 చేశారు. లిఫ్టు కూడా ఉంది, పడిపోయిన పశువును ఎక్కించడానికి. మంచి బండే. ఘాట్ రోడ్డు దాకా వస్తుంది. అక్కడి నుంచి మా గూడెం వాగు దాటి నడక. కాలు విరిగిన గుర్రం ఆ బండి దగ్గరికి ఎలా దిగుతుంది చెప్పండి. మాకు కావలసింది పెద్ద బండి కాదు. గూడేనికి ఒకరికి గాయం కట్టడం, ధనుర్వాతం సూది వేయడం, డెక్క చెక్కడం నేర్పితే చాలు. డెక్క చెక్కే ముసలాయన ఒకరుండేవారు, పోయారు. ఇప్పుడు చెక్కేవాళ్ళే లేరు.

మండల డాక్టర్
ఈవిడ చెప్పింది నిజం. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్క చెక్కాలి. లాడాలు కొట్టేవాళ్ళు జిల్లాకొకరు మిగిలితే గొప్ప. డాక్టరు కంటే ముందు వాళ్ళు కావాలి.

బరాత్ యాదగిరి
మేడమ్, ఫోటో అడిగిన.

లా పాయింట్
ఆయన రెండోసారి అడుగుతున్నారు.

అశ్వమిత్ర
ఎఫ్ఐఆర్ పనిలో ఉన్నాం. ఆశ్రయం ఎక్కడో చెబితే వీళ్ళంతా వచ్చి గేటు ముందు గొడవ చేస్తారు. పోయినేడు చేశారు కూడా, మా కాపలావాడి చెయ్యి విరిగింది.

బరాత్ యాదగిరి
అడ్రసు అడిగిన్నా? ఫోటో అడిగిన. దాని ఎడమ చెవి కింద ఒక నల్ల మచ్చ ఉంటది. అది కనపడేటట్టు తియ్యి. సాలు.

ఉలవచారు
ఇప్పుడు నాకూ అనుమానమొస్తోంది.

అశ్వమిత్ర
గుర్రం లేదు. తెచ్చిన నాలుగో రోజు రాత్రి పోయింది. ఒంట్లో ఏమీ మిగలకుండా చేసి రోడ్డు మీద పడేసింది ఎవరు? మేం కాదు. మేం దానికి జీవితంలో మొదటిసారి కడుపునిండా పెట్టాం.

మండల డాక్టర్
ఏం పెట్టారు?

అశ్వమిత్ర
ఉడికించిన ఉలవలు, బార్లీ, బెల్లం. అది ఆబగా తిన్నది. అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

మండల డాక్టర్
మేడమ్, ఎండిపోయిన గుర్రానికి మొదటి వారం పది రోజులు గింజలు పెట్టకూడదు. లూసర్న్ గడ్డి కొంచెం కొంచెంగా, నాలుగైదు గంటలకోసారి. ఒక్కసారిగా పిండిపదార్థం పడితే రక్తంలో లవణాలు తారుమారవుతాయి, గుండె ఆగుతుంది, లేదా కడుపు ఉబ్బుతుంది. గండం ఎక్కువగా మొదటి రోజుల్లోనే. ఆ రాత్రి డాక్టరు వచ్చాడా?

అశ్వమిత్ర
రాత్రి పదకొండింటికి పొర్లడం మొదలుపెట్టింది. నలుగురికి ఫోన్ చేశాం. ఇద్దరు కుక్కల డాక్టర్లం అన్నారు. ఒకాయన ఊళ్ళో లేడు. ఒకాయన ఎత్తలేదు. పట్నంలో, డాక్టరు గారూ, పట్నంలో!

బరాత్ యాదగిరి
మరి మా ఊళ్ళె సస్తే నా మీద కేసు, మీ కాడ సస్తే దాని ఖర్మ. నా గుర్రం పొర్లితే డాక్టర్ రాలే. నీ కాడ పొర్లితే కూడ రాలే. మరి నన్ను దొంగలెక్క, దయలేనోని లెక్క మాట్లాడ్తివి కదా. దాని పేరు రాజా. నీకు పేరన్న ఎర్కేనా? ఇంకో మాట, ఎక్కడ పూడ్చిండ్రు?

అశ్వమిత్ర
యాదగిరి గారూ, రాత్రికి డాక్టరు దొరకడు సరే, పగలు మీకు దొరికిన గంటల్లో తాడు విప్పలేదు కదా. నేను సూటిగా చెప్తాను, మొదటి నుంచీ చెప్పాలనుకున్నదే ఇది. దాణా పెట్టలేని నెలలు ఏటా వస్తాయని తెలిసి కూడా గుర్రం పెట్టుకోవడం ఏమిటి? ఊరేగింపుల్లో లైట్లు, టపాకాయలు, డీజే మధ్య గుర్రం నిలబెట్టే వ్యాపారమే పోవాలి. వైద్యం అందించడం అంటే ఆ వ్యాపారానికి ఊపిరి పోయడమే. డాక్టరును ఊరికి పంపమని నేను అడగను. గుర్రాన్ని ఊరి నుంచి తీసేయమంటాను.

మన్యం కాఫీ
అంటే మా గూడెం గుర్రాలను కూడానా? ముందు మాకు రోడ్డు వేసి, తర్వాత తీసుకెళ్ళండి.

అశ్వమిత్ర
మీది వేరు. మీది అవసరం.

బరాత్ యాదగిరి
నాది కూడ అవసరమే మేడమ్. నీకు కనపడ్తలేదు అంతే. ఆడపిల్ల ఫీజులు ఆ గుర్రం మీదనే కడ్తిని. పట్నంల ఫంక్షన్ హాలు ముంగట మంచి తెల్ల గుర్రం నిలబడ్డప్పుడు నువ్వు సెల్ఫీ దిగిన రోజు లేదా? ఆ పెద్ద కంపెనీల గుర్రాల మీద పోయి పడు. పడవు. ఎందుకంటె ఆడ వాచ్‌మెన్ ఉంటడు.

పాతకాగితం
ఇక్కడే అసలు తేడా ఉందనుకుంటా. ఒకరికి గుర్రం బాగుండాలి. ఇంకొకరికి ఆ గుర్రాన్ని పెట్టుకున్న మనిషి ఉండకూడదు. ఇన్ని పోస్టుల నుంచీ తాడు గురించి కొట్టుకుంటున్నాం.

రైతుబిడ్డ
తాడు సంగతి ఇంకా తేలలేదు మరి.

లా పాయింట్
తేలింది ఇదీ. ఎఫ్ఐఆర్ లేకుండా తీసుకెళ్ళారు, చనిపోయింది, శవపరీక్ష జరగలేదు. యాదగిరి గారు కేసు పెడితే మేడమ్‌కి కష్టం. మేడమ్ పుండు ఫోటోలు కోర్టులో పెడితే యాదగిరి గారికి యాభై రూపాయలు.

ఉలవచారు
యాభై రూపాయల గుర్రం.

మండల డాక్టర్
కొట్లాట పక్కన పెట్టి ఒకటి అడుగుతా. ప్రతి జిల్లాలో ఒక్క డాక్టరుకైనా గుర్రానికి గొట్టం వేయడం నేర్పి, రాత్రి ఫోన్ ఎత్తే వంతులు వేస్తే, దానికి మీ రెండు పక్షాలూ కలిసి ఒక అర్జీ మీద సంతకం పెడతారా? గుర్రాల పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది, అక్కడి వాళ్ళను రప్పించి శిక్షణ ఇప్పించమని అడగొచ్చు. ఇంకొకటి, అశ్వమిత్ర గారూ, తెచ్చిన గుర్రాన్ని మిగతావాటితో కలపకముందు గ్లాండర్స్ అనే అంటురోగానికి పరీక్ష చేయించారా? అది మనుషులకూ అంటుతుంది. ఉన్నట్టు తేలితే ప్రభుత్వమే ఆ గుర్రాన్ని చంపిస్తుంది.

అశ్వమిత్ర
అర్జీ మీద పెడతాను. "బరాత్ గుర్రాలకు లైసెన్సు ఉండాలి" అన్న వాక్యం కూడా ఉంటేనే.

బరాత్ యాదగిరి
లైసెన్సు అన్నరంటె ఇంకో ఆఫీసుల ఇంకొకనికి పైసలు. అది తీసేస్తె పెడ్త.

మండల డాక్టర్
సరే. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగుదాం, మళ్ళీ చూద్దాం.

బరాత్ యాదగిరి
డాక్టర్ సాబ్, నాకు ఇంకో ఆడ గుర్రం ఉన్నది, చూడిది. పది నెలలు దాటింది. అది రాత్రి ఈనితే?

మండల డాక్టర్
పదకొండు నెలలు మోస్తుంది. ధనుర్వాతం సూది ఈనే నెల ముందు పడాలి, రేపే వేయించండి. నీళ్ళు పగిలాక అరగంట దాటినా పిల్ల రాకపోతే ఫోన్ చేయండి. నా నంబరు మీకు విడిగా పంపాను. అర్ధరాత్రయినా ఎత్తుతా.

అశ్వమిత్ర
ఈనాక ఆ పిల్ల గుర్రాన్ని మేం వచ్చి చూస్తాం. డబ్బులేం వద్దు. ఊరు, ఇంటి నంబరు పెట్టండి.

బరాత్ యాదగిరి
డాక్టర్ సాబ్‌కు చెప్పిన. నీకు చెప్ప.