అప్‌డేట్: కుండీల రంగు ఊడటం ఆగింది
మట్టి కుండీలకు వేసిన రంగు నెల తిరక్కుండానే పెచ్చులుగా లేచిపోతోందని ఆ మధ్య అడిగాను కదా. లోపలి తడే కారణమని మీరు చెప్పింది నిజమే. పోసిన నీళ్లు మట్టి గోడలోంచి బయటికి ఊరి రంగును నెట్టేస్తున్నాయి. నేనేమో రంగు డబ్బాని తిట్టుకున్నాను!

ఈసారి పాత రంగంతా ఉప్పు కాగితంతో గీకి, కడిగి, మూడు రోజులు ఎండలో పెట్టాను. లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు, బయట ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే పూత), ఆపైన యాక్రిలిక్ రంగు. అడుగు చిల్లు పూడిపోకుండా పుల్ల గుచ్చి ఉంచాను. మా అత్తయ్య అంచు చుట్టూ తెల్ల రంగుతో చుక్కల ముగ్గు వేశారు. ఒకచోట చెయ్యి వణికి గీత వంకర పోయింది, నాకు అదే నచ్చింది.

రెండు నెలలైంది, రోజూ నీళ్లు పోస్తున్నా ఒక్క పెచ్చూ లేవలేదు. తులసి కుండీకి మాత్రం రంగు వెయ్యలేదు. దానికి పసుపు కుంకుమ చాలన్నారు అత్తయ్య.