అమిగా ‘4096 రంగులు’: నిజమైన రంగులా, కంటికి కట్టిన గంతలా?

పాతపెట్టె:
ఒక తగాదా తీర్చిపెట్టండి. 1985లో వచ్చిన కమోడోర్ అమిగా 1000 ఇంటి కంప్యూటర్ తెర మీద మొదటిసారి రంగుల ఫొటో చూపించిందని నా మిత్రుడి వాదన. ఆ 4096 రంగులు ప్రకటనల్లో తప్ప తెర మీద లేవని నాది. రాత్రి పదకొండు దాకా తెగలేదు.

నా లెక్క ఇది. 4096 రంగులు కావాలంటే తెర మీది ఒక్కో చుక్కకు (పిక్సెల్‌కు) 12 బిట్లు ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ తలా నాలుగు. అమిగా ఇచ్చింది ఆరు బిట్లే. ఈ లోటు కప్పిపుచ్చడానికి పన్నిన ఉపాయం పేరు హోల్డ్ అండ్ మాడిఫై, పొట్టిగా హామ్. ఆరింటిలో రెండు బిట్లు ఆజ్ఞకే పోతాయి. మిగిలిన నాలుగింటితో ప్యాలెట్ నుంచి, అంటే ముందే ఎంచి పెట్టుకున్న 16 రంగుల పట్టిక నుంచి, ఒకటి తీసుకోవచ్చు. లేదా ఎడమ పక్క చుక్క రంగునే పట్టుకుని అందులో ఎరుపో, పచ్చో, నీలమో ఒక్కటి మార్చుకోవచ్చు. పక్కింటివాడి చొక్కా అరువు తెచ్చుకుని కాలరు మాత్రం మార్చి తొడుక్కోవడం అన్నమాట.

తెల్ల గోడ, పక్కనే ముదురు నీలం తలుపు అనుకోండి. ఒక్కో పాలు 0 నుంచి 15 దాకా, ఎరుపు-పచ్చ-నీలం వరుసలో, తెలుపు 15-15-15. నీలం 0-0-6. మూడు పాళ్లూ మారాలి కాబట్టి మూడు చుక్కలు పడుతుంది. ముందు ఎరుపు తీసేస్తే 0-15-15, గోడలోనూ తలుపులోనూ లేని నీలిపచ్చ. తర్వాత పచ్చ తీసేస్తే 0-0-15, కళ్లు చెదిరే నీలం. మూడో చుక్కకు గానీ తలుపు రాదు. అడ్డంగా 320 చుక్కలున్న తెర ఇలాంటి చోట 107 చుక్కల తెర అయిపోతుంది. దీన్ని 4096 రంగుల తెర అనవచ్చా?

గాజుచక్రం:
పాతపెట్టె గారూ, లెక్కలో తప్పు లేదు. కానీ మీరు కాగితం మీద లెక్క వేశారు, నేను ఆ తెర ముందు కూర్చున్నాను.

1988లో టెక్సస్‌లో చదువుకునే రోజుల్లో మా విభాగంలో ఒక అమిగా 500 ఉండేది. దానికి న్యూటెక్ కంపెనీ వాళ్ల డిజి-వ్యూ, అంటే కెమెరా బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం, తగిలించారు. వెల 200 డాలర్ల లోపు, కెమెరా వేరే కొనుక్కోవాలి. బల్లకు ఒక నిలువు కమ్మీ, దాని మీద కిందికి చూస్తున్న కెమెరా, చెరో పక్క ఒక దీపం. మా ఊరి నుంచి వచ్చిన అక్క పెళ్లి ఫొటో పెట్టి ఎక్కించాను. బొమ్మ తెర మీద ఒక అంచు నుంచి మెల్లగా పరుచుకుంటూ వచ్చింది. అక్క చెంప మీద పసుపు ఛాయ చూసి పక్క గదిలో వాళ్లను పిలిచాను. అదే గదిలో 16 రంగుల పీసీ ఉండేది. అందులో ఆ చెంప పెట్టి ఉంటే సున్నం కొట్టినట్టు ఉండేది.

సందేహాలరావు:
మధ్యలో అడ్డొస్తున్నాను, క్షమించాలి. డిజి-వ్యూకు నలుపు తెలుపు కెమెరా వాడేవారని ఎక్కడో చదివాను. మరి రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

గాజుచక్రం:
అదే అసలు తమాషా రావు గారూ. నా పేరులోని చక్రం అదే. కెమెరా కటకం ముందు ఒక ఫిల్టర్ చక్రం ఉండేది. ఎర్ర ఫిల్టర్ తిప్పి ఒకసారి, పచ్చది తిప్పి ఒకసారి, నీలంది తిప్పి ఒకసారి ఎక్కించాలి. మూడూ నలుపు తెలుపు బొమ్మలే. సాఫ్ట్‌వేర్ మూడింటినీ కలిపితే రంగు. ఒక్కో విడతకు కొన్ని సెకన్లు పట్టేది కాబట్టి కదలని వస్తువే పెట్టాలి. చెయ్యి నొప్పి అనుకునేవాళ్లకు చక్రం తిప్పే మోటారు కూడా అమ్మారు, డిజి-డ్రాయిడ్ అని.

నలుపు తెలుపు కెమెరాయే మేలు కూడా. ఆనాటి మామూలు రంగుల వీడియోలో రంగు అంచులు దాటి పారేది. ఇక్కడ మూడు రంగులూ ఒకే పదునుతో వచ్చేవి.

విశ్రాంత ఇంజనీరు:
హామ్‌ను సృష్టించినవాడికే దాని మీద నమ్మకం లేదన్న సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదే!

అమిగా చిప్పుల రూపశిల్పి జే మైనర్. ఫ్లయిట్ సిమ్యులేటర్లు చూసి వచ్చాక ఆయనకు ఈ ఆలోచన తట్టింది. అప్పట్లో చిప్పు నేరుగా ఎన్‌టీఎస్‌సీ టీవీ సంకేతమే ఇవ్వాలన్నది యోచన. అందులో రంగును అలాగే పట్టి ఉంచి వెలుగు మాత్రం నాలుగు బిట్లతో మార్చవచ్చు. ఆ పద్ధతికి ఇది చక్కగా అతుకుతుంది. తర్వాత యోచన మారి, ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా ఇచ్చే ఆర్‌జీబీకి వచ్చారు. ఇక ఇది దండగ, తీసెయ్యమన్నారు మైనర్. తీసేస్తే చిప్పు మధ్యలో పెద్ద ఖాళీ మిగులుతుంది, లేదా మూడు నెలలు మళ్లీ గీయాలి అన్నాడు లేఅవుట్ చేసే మనిషి. అంత వ్యవధి లేక వదిలేశారు. దీన్ని ఎవరూ వాడరనుకున్నానని, ఆ అంచనా తప్పయిందని మైనర్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు.

ఇక పాతపెట్టె గారు పన్నెండు బిట్లకు ఆరే ఇచ్చారన్నారు, అంటే సగం సరుకు. పూర్తి సరుకు ఎక్కడ పెట్టేవారు? 320 × 200 తెరకు ఆరు బిట్ల చొప్పున 48,000 బైట్లు. పన్నెండు అయితే 96,000. ఈ రోజు మనం వాడే 24 అయితే 192,000. అమిగా 1000తో వచ్చిన మెమరీ 256 కిలోబైట్లు! పైగా తెరకు బిట్లు అందించేటప్పుడు చిప్పులు ప్రాసెసర్ వంతు మెమరీ సమయాన్ని లాక్కుంటాయి. చుక్కకు నాలుగు బిట్లు దాటితేనే ఆ పోటు తగులుతుంది, ఇక పన్నెండు మాట దేనికి?

పాతపెట్టె:
ఇంజనీరు గారూ, మీరు నా పక్షాన సాక్ష్యం చెప్పారు. తయారు చేసినవాడే దండగన్నాడు!

ఇంకొకటి. 1985 జులైలో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో అమిగాను ఆవిష్కరించినప్పుడు చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేత గాయని డెబీ హారీ బొమ్మ వేయించారు. కెమెరాతో నలుపు తెలుపు బొమ్మ తీసి, అందులో రంగులు గుమ్మరించారు. పేరున్న బొమ్మల సాఫ్ట్‌వేర్ డీలక్స్ పెయింట్‌కు హామ్ ఎప్పుడు వచ్చింది? నాలుగో కూర్పులో, 1991లో. అన్నేళ్లూ చిత్రకారులు ఎక్కువగా 32 రంగులతోనే సరిపెట్టుకున్నారు. కారణం తేలికే. ఒక చుక్క చెరిపితే దాని కుడి పక్కవి కూడా రంగు మారిపోతాయి. కుంచె పెట్టలేని చిత్రపటం ఇది. బొమ్మను కదిలించడం అంతకంటే కష్టం, ఆటలకు అసలే పనికిరాదు.

చుక్కలముగ్గు:
రెండు సవరణలు. హామ్‌లో బొమ్మలు వేయడానికి 1987లోనే న్యూటెక్ డిజి-పెయింట్ తెచ్చింది. కుంచె కదిలిన ప్రతిసారీ తెర మీది ఆ అడ్డ గీతలోని రంగులు మళ్లీ లెక్క కట్టేది. నెమ్మదే, కానీ పని జరిగేది. హామ్‌లో ఆట కూడా వచ్చింది, 1988లో పయనీర్ ప్లేగ్. ఒక్క ఆటే గుర్తుకొస్తోందంటే మీ మాటలో బలం ఉందని ఒప్పుకుంటాను.

ఇప్పుడు మీ నీలం తలుపు. ముందు ఎరుపు తీశారు, అక్కడ కొంచెం తొందరపడ్డారు. కంటికి అందే వెలుగులో పచ్చ వాటా సుమారు 59 శాతం, ఎరుపు 30, నీలం 11. కాబట్టి బుద్ధిగా రాసిన సాఫ్ట్‌వేర్ ముందు పచ్చ మీద చెయ్యి వేస్తుంది. అప్పుడు వెలుగు 100 నుంచి 41కి, తర్వాత 11కి, చివరికి 4కి దిగుతుంది. మీ వరుసలో అయితే 70, 11, 4. మొదటి చుక్క గులాబి రంగులో ఉంటుంది, నిజమే. కానీ దూరం నుంచి చూసే కంటికి అది ఫోకస్ కాస్త తప్పిన అంచులాగే కనిపిస్తుంది.

అసలు ఆ ముదురు నీలాన్ని 16 ప్యాలెట్ రంగుల్లో ఒకటిగా పెట్టుకుంటే ఒక్క అడుగులో తలుపు వచ్చేస్తుంది. హామ్‌లో పనితనమంతా ఆ పదహారింటిని ఎంచడంలోనే ఉంది. మెత్తగా మారే చర్మం, ఆకాశం లాంటి చోట్ల ప్యాలెట్ అక్కర్లేదు, పక్క చుక్కను సవరిస్తే చాలు. ఎక్కడ రంగు తటాలున తెగుతుందో అక్కడికి పదహారూ దాచుకోవాలి. చాలదనుకున్నవాళ్లు ప్రతి గీతకూ ప్యాలెట్‌నే మార్చేశారు, దాన్ని స్లైస్డ్ హామ్ అన్నారు. అమిగాకు పోటీ కంప్యూటర్ అటారి ఎస్‌టీ మీద స్పెక్ట్రమ్ 512 అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంకా సాహసించింది. తెర గీస్తుండగానే ప్రాసెసర్ రంగులు మార్చుతూ పోయేది, బొమ్మ కనిపించినంతసేపూ యంత్రం ఇంకో పని చేయలేకపోయేది.

ఇవన్నీ మోసమైతే డీసీటీవీని ఏమంటారు? అమిగా ఆర్‌జీబీ పోర్టుకు తగిలించే పెట్టె అది. దాని బొమ్మను పెట్టె లేకుండా తెరిస్తే బూడిద రంగు గీతలు తప్ప ఏమీ కనిపించవు. పెట్టె ఆ గీతలను చదివి టీవీ తెరకు నిండు రంగులు ఇస్తుంది. ఈ రోజు మీ ఫోను దాచే జేపెగ్ ఫొటోల్లో కూడా వెలుగు పూర్తిగా, రంగు తక్కువ వివరంతో ఉంటుంది సాధారణంగా. దాన్ని మీరు గంతలు అనడం లేదు కదా?

పాతపెట్టె:
జేపెగ్ తన పెట్టె మీద అంకె రాసుకుని అమ్ముకోదండీ! నా పేచీ ఆ అంకెతో.

గాజుచక్రం:
అంకెల మాట ఎత్తారు కాబట్టి. డిజి-వ్యూ లోపల ఒక్కో రంగుకు 7 బిట్లు, మొత్తం 21 ఉండేవి. సుమారు 21 లక్షల రంగులు. హామ్ అందులోంచి వడకట్టి తెరకు ఇచ్చేది. అందుకే ఒకసారి ఎక్కించాక మళ్లీ కెమెరా జోలికి పోకుండా వెలుగు, ఛాయ సవరించుకుని కొత్తగా హామ్ బొమ్మ తీసుకునేవాళ్లం.

నా బొమ్మ పాడైంది మాత్రం హామ్ వల్ల కాదు. దీపాల వేడికి అక్క ఫొటో కాగితం మూల మెల్లగా పైకి లేచింది. ఎర్ర విడతకూ నీలం విడతకూ మధ్య అది వెంట్రుకవాసి జరిగింది. ముఖం బాగానే ఉంది, జడ అంచున మాత్రం ఒక పక్క ఎర్ర గీత, ఇంకో పక్క నీలి గీత. ఆ రాత్రంతా హామ్‌ను తిట్టాను. మర్నాడు ఫొటో మీద గాజు పలక పెట్టి ఎక్కిస్తే గీతలు పోయాయి.

విశ్రాంత ఇంజనీరు:
గాజు మీద దీపం మెరవలేదా?

గాజుచక్రం:
మెరిసింది. దీపాలు పక్కకు వంచాం.

పాతపెట్టె:
సరే, ఫొటో చూపించిందని ఒప్పుకుంటాను, నా మిత్రుడికి ఒక కాఫీ బాకీ. కానీ పెట్టె మీద ‘4096’ పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి కింద షరతు రాసి ఉండాల్సిందన్న మాట మీద నుంచి దిగను. చుక్కలముగ్గు గారూ, మీ దగ్గర హామ్‌కు మార్చే ప్రోగ్రాం ఉంటే ఒక పని చేసి పెట్టండి. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, మధ్యలో జరీ గళ్లు ఉన్న ఫొటో పెట్టి చూడండి. గాజుచక్రం గారి అక్కలాంటి ఫొటో అన్నమాట.

చుక్కలముగ్గు:
మా అమ్మ ఫొటో ఒకటి 320 × 256కు కుదించి పెట్టాను. పదహారు రంగుల్లో ఆరు చీర అంచుకే ఇచ్చాను. అయినా జరీ గళ్ల దగ్గర ఒక్కో గడికి కుడి వైపు గులాబి, ఊదా మరకలు తేలాయి. అక్కడ మీరే గెలిచారు. ముఖం దగ్గరికి వచ్చేసరికి, అసలు ఫొటో ఏదో హామ్ ఏదో చెప్పమని మా అమ్మనే అడిగాను. ఆమె తప్పు చెప్పింది.