మందులతో నోరు ఎండిపోతోంది, ఏది ఆపాలి?

బ్రాడీపేట, గుంటూరు:
మా అత్తగారికి 68 ఏళ్లు. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా., మూత్రం ఆగట్లేదని ఆక్సీబ్యుటినిన్ 5 మి.గ్రా. రెండు పూటలా, తుమ్ములొస్తే సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్) బిళ్ల వేసుకుంటారు. ముద్ద గొంతు దిగట్లేదు, కారం తగిలితే నాలుక భగ్గుమంటోంది. గుండె డాక్టరు నీళ్లు లీటరున్నర దాటొద్దన్నారు. ఏ మందు ఆపాలి?

ఫార్మసిస్టు, గవర్నరుపేట:
మీ అంతట మీరు ఏదీ ఆపకండి. లాలాజలం ఊరడానికి నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా కబురు పంపుతాయి. ఈ మూడు మందులూ దాన్నే అడ్డుకుంటాయి. ఒక్కోటీ అయితే ఓర్చుకోవచ్చు, మూడూ కలిస్తే నోరు పిడచగట్టుకుపోతుంది. ఒంట్లో నీరు చాలక కాదు కాబట్టి ఎన్ని నీళ్లు తాగినా తీరదు.

బిళ్లల అట్టలన్నీ పట్టుకెళ్లి డాక్టరును మూడు అడగండి: అమిట్రిప్టిలిన్ తగ్గించవచ్చా? ఆక్సీబ్యుటినిన్ బదులు మిరాబెగ్రాన్ కుదురుతుందా? (నోరు ఎండడం బాగా తక్కువ, కానీ బీపీ పెరగొచ్చు, చూసుకుంటూ ఉండాలి.) తుమ్ములు అలర్జీవైతే సీపీఎం బదులు ఫెక్సోఫెనాడిన్ సరిపోతుందా? మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, మతిమరుపు, తికమక ఉంటే అవీ చెప్పండి. ఇవే మందుల వల్ల కావచ్చు. ఈ వయసులో అదే నాకు ఎక్కువ భయం.

దంతవైద్యురాలు, విజయవాడ:
ఆ లీటరున్నరలోంచే గుక్కెడు గుక్కెడుగా నోరు తడుపుకోవాలి. ఐసు ముక్కా లెక్కలోకే వస్తుంది. భోజనమయ్యాక జైలిటాల్ (పళ్లు పుచ్చనివ్వని తీపి) ఉన్న చూయింగ్ గమ్ 10 నిమిషాలు నమలనివ్వండి. నిమ్మబద్ద చప్పరిస్తే నీరూరే మాట నిజమే, కానీ లాలాజలం కాపు లేని పంటి ఎనామిల్ ఆ పులుపుకు కరుగుతుంది. చక్కెర బిళ్లలైతే చిగురు అంచున పళ్లు పుచ్చుతాయి.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను వంట సోడా, చిటికెడు ఉప్పు కలిపి పుక్కిలించి ఉమ్మాలి, మింగకూడదు. ఆల్కహాలున్న మౌత్‌వాష్ వద్దు. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమి, నురగ ఉమ్మేసి వదిలేయండి, నీళ్లతో పుక్కిలించొద్దు. రాత్రికి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఉన్న కృత్రిమ లాలాజలం వాడొచ్చు. కట్టుడు పళ్లుంటే తీసి పడుకోవాలి. నాలుక మంట ఫంగస్ వల్లా రావచ్చు, తెల్లపొర లేకపోయినా సరే, ఒకసారి చూపించండి.

బ్రాడీపేట, గుంటూరు:
గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా దగ్గర ఉంచుకోమన్నారు. దానికేమైనా ఇబ్బందా?

ఫార్మసిస్టు, గవర్నరుపేట:
ఉంది. నోట్లో తడి లేకపోతే ఆ బిళ్ల త్వరగా కరగదు, నొప్పి తగ్గడం ఆలస్యమవుతుంది. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుని, అప్పుడు నాలుక కింద పెట్టుకోవాలి. నమిలి మింగకూడదు. కూర్చునే వేసుకోవాలి, బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.