మూలకాల సంకేతాలు: బట్టీ పట్టించాలా, పేరు వెనక సంగతి చెప్పాలా?

ఎనిమిదో తరగతి అబ్బాయి అమ్మ:
మొన్న స్లిప్ టెస్టులో మావాడు పొటాషియంకి 'పీఓ' అని రాశాడు. ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 'కె' అని వేశారు. కె ఎందుకని అడిగితే "అదంతే, ఇరవై సార్లు రాసుకురా" అన్నారట. మొదటి ఇరవై మూలకాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు, ఒక్కటీ అర్థమై కాదు. ఇలా నేర్పడం సరైనదేనా?

రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్:
సరైనదేనమ్మా. గుణింతం బట్టీ పట్టకుండా ఎవరికొచ్చింది? సమీకరణం తుల్యం చేసేటప్పుడు 'ఎన్ఏ' అంటే ఏమిటో ఆలోచిస్తూ ఆగిపోతే లెక్క సాగదు. ఇంకొకటి: సి పెద్దక్షరం, ఓ చిన్నక్షరమైతే కోబాల్ట్. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్. ఈ తేడా చేతికి అలవాటు కావాల్సిందే, కథలు చెబితే రాదు.

ట్యూషన్ చెప్పే అక్క:
మాస్టారూ, పెద్దక్షరం, చిన్నక్షరం సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను. ఆ బాబు తెలివితక్కువగా రాయలేదు. పేరులోని మొదటి అక్షరాలు తీసుకున్నాడు, అసలు పద్ధతి అదే. 1813లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ లాటిన్ పేర్ల మొదటి అక్షరాలను సంకేతాలుగా పెట్టాడు. మనం పిల్లలకు ఇంగ్లీషు పేరు చెప్పి, లాటిన్ పేరు దాచి, తప్పు రాశావని మార్కు కోస్తున్నాం. పైగా పీఓ అనే మూలకం నిజంగానే ఉంది, పొలోనియం. మేరీ క్యూరీ తన దేశం పోలండ్ పేరు పెట్టుకుంది.

'కె' అంటే కేలియం. మొక్కల బూడిదకు అరబ్బీలో ఉన్న మాట నుంచి వచ్చింది, మనం రోజూ అనే 'ఆల్కలీ' కూడా అక్కడిదే. పాదరసానికి 'హెచ్‌జీ' ఎందుకంటే లాటిన్‌లో దాని పేరు హైడ్రార్జిరమ్, అంటే నీరులాంటి వెండి. అరచేతిలో దొర్లే ఆ మెరుపును ఊహించుకున్న పిల్లవాడు హెచ్‌జీని మరిచిపోతాడా?

మొత్తం 118 మూలకాల్లో ఇంగ్లీషు పేరుకూ సంకేతానికీ పొంతన లేనివి పదకొండే: సోడియం, పొటాషియం, ఇనుము, రాగి, వెండి, తగరం, ఆంటిమొనీ, టంగ్‌స్టన్, బంగారం, పాదరసం, సీసం. ఒక్క పీరియడ్ చాలు.

రైతుబిడ్డ:
మా నాన్న మూడో తరగతితో బడి మానేశారు. 17-17-17 ఎరువు బస్తా మీద ఎన్, పి, కె చూడగానే నత్రజని, భాస్వరం, పొటాష్ అని వరసగా చెబుతారు. పొయ్యిలోని కట్టె బూడిద తెచ్చి అమ్మ బీరపాదు మొదట్లో చల్లేది. ఆ బూడిదలో ఉన్నది ఈ 'కె'నే అని నాకు డిగ్రీలో తెలిసింది. ఎనిమిదిలోనే ఎవరైనా చెప్పి ఉంటే కెమిస్ట్రీ అంటే అంత టెన్షన్ పడేవాణ్ని కాదు.

రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్:
బీరపాదు మాట బాగుంది బాబూ, నేను ఎప్పుడూ చెప్పలేదది. ఆ పదకొండింటికీ ఒక పీరియడ్ ఇవ్వచ్చు, కాదనను. మర్నాడు స్లిప్ టెస్టు మాత్రం పెట్టాల్సిందే.

ఎనిమిదో తరగతి అబ్బాయి అమ్మ:
పెట్టండి మాస్టారూ. నిన్న రాత్రి మావాడికి బూడిద సంగతి చెప్పాను. పుస్తకం మూసేసి, "మరి టంగ్‌స్టన్‌కి డబ్ల్యూ ఎందుకమ్మా?" అన్నాడు. అక్కా, దానికేం చెప్పాలి?

ట్యూషన్ చెప్పే అక్క:
అది లాటిన్ కాదండీ, జర్మన్. వాళ్లు దాన్ని వోల్‌ఫ్రామ్ అంటారు, ఆ మాట డబ్ల్యూతో మొదలవుతుంది.