వరదలో కొట్టుకుపోయిన బర్రెకు కళేబరం దొరక్కపోతే పరిహారం రాదా?

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మం దగ్గర మా పెదనాన్నవాళ్ల పశువుల కొట్టం మునిగిపోయింది. రెండు బర్రెలు కట్టుగొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. పశువుల డాక్టరు వచ్చి పంచనామా రాశారు, వాటి డబ్బులు పడ్డాయి. మూడోది పలుపు తెంచుకుని వరదలో పోయింది, కళేబరం దొరకలేదు. ఈనిన నెల కూడా కాలేదు దానికి. దూడను ఇంటి దగ్గర కట్టేయబట్టి అది బతికింది.

పోస్టుమార్టం రిపోర్టు లేదు కాబట్టి మూడోదాన్ని జాబితాలో ఎక్కించలేమన్నారు. కేంద్రం 2022-26కు పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో పెద్ద పాడి పశువుకు రూ.37,500, ఇంటికి మూడింటి వరకు అని ఉంది. అలాంటప్పుడు మూడోదీ లెక్కలోకి రావాలి కదా! నష్టాన్ని అధికారి ధ్రువీకరించాలని ఉంది గానీ, కళేబరం చూపించి తీరాలని నాకైతే అందులో కనిపించలేదు.

మా దగ్గరున్న ఆధారాలు: టీకాలప్పుడు వేసిన చెవి ట్యాగు 12 అంకెల నంబరు, పాల కేంద్రం పుస్తకం. అందులో ఆగస్టు చివరిదాకా పూటపూటకూ పోసిన పాలు రాసి ఉన్నాయి, ఆ తర్వాత అన్నీ ఖాళీ గడులే.

ఇలా దొరకని పశువుకు మీలో ఎవరికైనా డబ్బు వచ్చిందా? ఏ కాగితం పనికొచ్చింది? ట్యాగు వివరాలతో పశువైద్యాధికారి రాసిస్తే సరిపోతుందా, పోలీసు ఫిర్యాదు కూడా ఉండాలా? ప్రజావాణిలో కలెక్టరుగారికి అర్జీ పెడితే ఇంత ఆలస్యంగానైనా తీసుకుంటారా? పెదనాన్నకు పాలే ఆధారం, దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.